గడియారమూ, ఉయ్యాలా



మా అమ్మ నన్ను కన్నది పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో. ఆసుపత్రి పేరెందుకు లెండి ఇప్పుడు. బాలింతల వార్డులో గోడ మీద ఓ గుండ్రటి గడియారం, దాని కింద అంటించిన ఓ కాగితం వుండేవట. తెల్లవారి 6, పగలు 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. అవి బిడ్డలకు పాలిచ్చే వేళలు. ఆ అయిదు వేళల్లో తప్ప, బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా పాలివ్వకూడదు. రాత్రి 10 దాటితే తెల్లవారే దాకా అసలే ఇవ్వకూడదు. ఇస్తే అలవాటు చెడిపోతుందని నర్సమ్మ కోప్పడేదట. మా అమ్మమ్మ మొదటి రాత్రే గొడవ పెట్టుకుంది. "పెళ్ళికి ముహూర్తం పెడతారు గాని, పసిగుడ్డు ఆకలికి ముహూర్తం పెట్టడం నేనెక్కడా చూళ్ళేదమ్మాయ్" అన్నదట. నర్సమ్మ వినలేదు. ఇక అక్కడున్నన్నాళ్ళూ అమ్మమ్మ వరండాలో కాపలా కాయడం, అమ్మ గోడవైపు తిరిగి కొంగు కప్పుకుని నాకు పాలివ్వడం. "దొంగపాలు తాగి పెరిగావే నువ్వు" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

నవ్వుతుంది గాని, ఆ నవ్వు కింద ఓ ముల్లు వుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు నాకు మాటిమాటికీ జబ్బు చేసేది. అన్నం దగ్గర మహా పేచీ పెట్టేదాన్ని. "వాళ్ళు చెప్పినట్టు వేళకే ఇచ్చివుంటే ఇలా అయ్యేది కాదేమో" అని అమ్మ ఏళ్ళ తరబడి లోలోపల కుమిలిందట. నాకు పెద్దబ్బాయి పుట్టినప్పుడు గాని ఆ మాట బయటపెట్టలేదు.

నేను పదో తరగతితో చదువు ఆపిన దాన్ని. అయినా ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. రేడియో ప్రసంగాల కోసం పుస్తకాలు తిరగేసే అలవాటు వుంది కనక, వెతుక్కుంటూ పోయాను. అలా పోగా పోగా మనోవిశ్లేషణ శాస్త్రం దగ్గర తేలాను. మనకే తెలియకుండా మనసు లోతుల్లో దాగిన కోరికలూ భయాలూ మన నడతను నడిపిస్తాయని చెప్పే శాస్త్రం అది. వియన్నా నగరంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదలుపెట్టాడు. ఉయ్యాలకూ ఆ శాస్త్రానికీ ఏం సంబంధమా అని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ముందు కాగితం సంగతి. న్యూజిలాండ్ దేశంలో డునీడిన్ అనే వూరి దగ్గర సీక్లిఫ్ మానసిక వైద్యశాలకు ట్రూబీ కింగ్ అనే ఆయన పెద్ద డాక్టరుగా వుండేవాడు. ఆ వైద్యశాలకు పొలాలూ పశువులూ కూడా వుండేవి. దూడలను ఒక పద్ధతి ప్రకారం పెంచి మంచి ఫలితాలు చూశాడు. ఆ పట్టుదలే పసిపిల్లల మీదికీ మళ్ళింది. 1907లో ఒక సంఘం పెట్టాడు. తల్లిపాలే ఇవ్వమన్నాడు, శుభ్రత నేర్పించాడు, నర్సులను ఇళ్ళకు పంపించాడు. విరేచనాలతో పసివాళ్ళు రాలిపోతున్న కాలంలో ఆయన చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే దాంతోపాటు గడియారాన్ని కూడా ఇచ్చాడు. నాలుగు గంటలకోసారి పాలు, రాత్రి పూట ఏమీ లేదు, ఊరికే ఎత్తుకుని ముద్దు చేయడం కూడదు. 1938లో ఆయన పోయేనాటికి ఈ పద్ధతి ఇంగ్లండుకు కూడా చేరి స్థిరపడింది. మా అమ్మ వార్డులో కాగితం అంటించిన వాళ్ళకు ఆయన పేరు తెలుసో తెలియదో గాని, వేళలు మాత్రం ఆయనవే. అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1928లో ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లలను ముద్దు పెట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే లేవగానే చెయ్యి కలిపితే చాలునని రాశాడు. మనింట్లో ఎవరైనా అలా చేస్తే బామ్మలు దిష్టి తీస్తారు.

ఇదే కాలంలో ఫ్రాయిడ్ ఒక చిన్న ఆటను చూశాడు. 1915లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో తన కూతురు సోఫీ ఇంట్లో కొన్ని వారాలు వున్నాడు. సోఫీ కొడుకు ఎర్నెస్ట్‌కు అప్పుడు ఏడాదిన్నర. బుద్ధిమంతుడు. తల్లి గంటల తరబడి బయటికి వెళ్ళినా ఏడ్చేవాడు కాదట. కాని వాడికి ఓ ఆట వుంది. దారం కట్టిన ఓ చెక్క రీలును తెర కట్టిన మంచం మీదికి విసిరేవాడు. అది కనబడకుండా పోగానే "ఓ...ఓ..." అనేవాడు. "పోయింది" అనే అర్థం వచ్చే జర్మను మాటకు వాడికి వచ్చిన రూపం అది. తర్వాత దారం పట్టి లాగేవాడు. రీలు బయటికి రాగానే సంబరంగా "డా" అనేవాడు. అంటే "ఇదిగో" అని. పోయింది, ఇదిగో. పోయింది, ఇదిగో. తల్లి పోవడాన్ని ఆపడం వాడి చేతిలో లేదు, అందుకని పోవడాన్నీ రావడాన్నీ తన చేతిలోకి తీసుకుని ఆట చేసుకున్నాడని ఫ్రాయిడ్ అర్థం చెప్పుకున్నాడు. 1920లో అచ్చయిన ఒక పుస్తకంలో ఇది రాశాడు. ఆ సంవత్సరమే జనవరిలో 26 ఏళ్ళ సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. ఈసారి పోయిన తల్లి తిరిగి రాలేదు.

మన ఇళ్ళల్లో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, తీసి, బిడ్డను నవ్వించని తల్లి వుంటుందా? పోవడం, రావడం. ఈ రెంటి మధ్య ఎంత వ్యవధి వుంటే బిడ్డ నవ్వుతాడో, ఎంత దాటితే ఏడుపు ముఖం పెడతాడో మన చేతికి తెలుసు. ఆ వ్యవధి పేరే లయ. ఫ్రాయిడ్‌కు కూడా ఈ మాట తట్టింది. అంతదాకా ఆయన ఒక లెక్క చెబుతుండేవాడు: మనసులో బిగువు పెరిగితే బాధ, తగ్గితే హాయి అని. 1924లో ఒక వ్యాసంలో ఆ లెక్క సరిపోవడం లేదని ఒప్పుకున్నాడు. హాయి అనేది బిగువు ఎంత వున్నదనే దానిలో లేదేమో, అది పెరిగి తగ్గే లయలో వుందేమో అని రాసి, మాకు తెలియదని అక్కడే వదిలేశాడు. ఇంత పెద్దాయన తెలియదని రాయడం నాకు ముచ్చటేసింది. ఆయన వదిలిన ఆ దారపు కొసను తర్వాతి వాళ్ళు పట్టుకున్నారు.

వాళ్ళల్లో ఒకడు రెనే స్పిట్స్. ఫ్రాయిడ్ దగ్గరే మనోవిశ్లేషణ నేర్చుకుని, తర్వాత అమెరికా చేరిన డాక్టరు. 1945లో ఆయన రెండు చోట్ల పెరుగుతున్న పసివాళ్ళను పోల్చి రాశాడు. ఒకటి స్త్రీల జైలు. అక్కడ ఖైదీ తల్లులే తమ బిడ్డలను చూసుకునేవారు. రెండోది అనాథ శిశువుల ఆశ్రమం. శుభ్రతకు లోటు లేదు, తిండికి లోటు లేదు, కాని ఒక్కో నర్సుకు ఎనిమిది మంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మంది బిడ్డలు. మంచాల చుట్టూ దుప్పట్లు కట్టేసేవారు కనక పడుకున్న బిడ్డకు పైకప్పు తప్ప ఏమీ కనబడేది కాదు. ఆశ్రమంలో పరిశీలించిన 91 మందిలో రెండేళ్ళు తిరిగేసరికి 34 మంది చనిపోయారు. జైల్లో పిల్లలు బతికి, పాకుతూ, పరుగెత్తుతూ వున్నారు. స్పిట్స్ లెక్కల్లో లొసుగులున్నాయని తర్వాత కొందరు గట్టిగానే విమర్శించారు. విమర్శలో నిజం వుండవచ్చు, కాని ఆయన తీసిన సినిమాలో గోడవైపు చూస్తూ పడుకున్న ఆ పిల్లల ముఖాలు చూసినవాళ్ళు మర్చిపోలేకపోయారు.

స్పిట్స్ 1965లో రాసిన పుస్తకంలో ఒక జాబితా వుంది. మాటలు రాని ఆ మొదటి నెలల్లో బిడ్డకు తల్లి నుంచి అందేవి ఏమిటి అంటే: ఒంటి తూకం, బిగువు, ఎత్తుకున్న తీరు, వెచ్చదనం, అదురు, స్పర్శ, లయ, వేగం, వ్యవధి, గొంతు స్థాయి, దాని నాదం. పెద్దయ్యాక మనలో చాలామంది ఈ భాష మర్చిపోతామని, సంగీతం వాయించేవాళ్ళూ నాట్యం చేసేవాళ్ళూ మాత్రం మర్చిపోరని ఆయన భావం. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ కాళ్ళు చాపుకుని పసిబిడ్డకు నూనె రాసి నీళ్ళు పోసే దృశ్యం కళ్ళకు కట్టింది. ఆ జాబితాలో వున్నవన్నీ ఆ పావుగంటలో వున్నాయి.

ఇక నాకు అందరిలోకీ నచ్చినాయన గురించి చెబుతాను. ఆయన పేరు డొనాల్డ్ వినికాట్. లండనులో పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆసుపత్రిలో 40 ఏళ్ళు పనిచేసిన పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు కూడాను. నచ్చడానికి కారణం ఆయన రేడియోలో మాట్లాడటం ఒకటి అని వేరే చెప్పాలా! 1943 నుంచి దాదాపు 20 ఏళ్ళపాటు బి.బి.సి.లో తల్లులకు ప్రసంగాలు చేశాడు. 1949లో ఐసా బెంజీ అనే రేడియో నిర్మాత ఆయనను ఒక ప్రసంగాల వరుస చేయమని అడిగింది. తల్లులు ఏం చేయాలో చెప్పడం నాకిష్టం లేదు, వాళ్ళు మామూలుగా ప్రేమతో చేస్తూనే వున్న మంచి పని గురించి మాట్లాడతాను అన్నాడాయన. ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకుంటుండగానే, "మామూలు ప్రేమగల తల్లి" అనే అర్థం వచ్చే పేరును ఆమె ఆ ప్రసంగాలకు పెట్టేసింది. రేడియోలో మహిళా కార్యక్రమాలు చేసేవాళ్ళ సత్తా అలాంటిది మరి! పేరు మాత్రం డాక్టరుకే దక్కింది, అది వేరే సంగతి.

పాలు పట్టడం గురించి వినికాట్ మాట సూటిగా వుంటుంది. బిడ్డకు తనదైన వేళ ఒకటి వుంటుంది, ముందు దానితో మొదలుపెట్టండి, తర్వాత్తర్వాత బిడ్డే ఓ క్రమానికి వస్తాడు, ఆ క్రమం ఇద్దరిదీ అవుతుంది. గడియారంతో మొదలుపెడితే బిడ్డ ఒప్పుకోవడం తప్ప చేసేదేమీ లేదు. బిడ్డ అనేవాడు విడిగా లేడు, బిడ్డ అంటేనే బిడ్డా, ఎత్తుకున్న మనిషీ కలిసి అని కూడా ఆయన చెప్పేవాడు.

ఆయన చేసిన ఒక పరిశీలన 1941లో అచ్చయింది. తల్లి ఒళ్ళో అయిదు నెలల నుంచి పదమూడు నెలల దాకా వయసున్న బిడ్డ. బల్ల అంచున, గొంతు చూడటానికి నాలుక నొక్కే మెరిసే బద్ద. ఎవరూ ఏమీ అనకూడదు. బిడ్డ చెయ్యి చాపుతుంది. చాపి, ఆగిపోతుంది. పెద్ద కళ్ళతో డాక్టరును చూస్తుంది, తల్లిని చూస్తుంది. ఈ ఆగడమే ముఖ్యమంటాడు వినికాట్. తొందరపెట్టి బద్దను నోట్లో పెడితే బిడ్డ పెనుగులాడి ఏడుస్తుంది. ఊరుకుంటే, కాసేపటికి తనకే ధైర్యం వస్తుంది. నోట్లోంచి చొంగ కారుతుంది, బద్ద తీసుకుని నములుతుంది, బల్ల మీద టకటకా కొడుతుంది, తల్లి నోటికి అందించి తినిపిస్తున్నట్టు ఆడుతుంది. చివరికి కింద పడేస్తుంది, తీసిస్తే మళ్ళీ పడేస్తుంది. ఎర్నెస్ట్ రీలు ఆట లాంటిదే. ఉబ్బసం వున్న ఓ ఏడు నెలల పాపకు ఆ ఆగిన సమయంలోనే ఆయాసం వచ్చింది, బద్ద తీసుకోగానే తగ్గింది. శ్వాస కూడా ఆ సందేహంలో ఇరుక్కుపోయిందన్న మాట. నేనీ భాగం రెండుసార్లు చదివాను. మా చిన్నవాడికి నోట్లో ముద్ద కుక్కిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

తండ్రుల మాటేమిటని అడిగే సోదరీమణులకు: ఈ పాత గ్రంథాల్లో తండ్రి వరండాలోనే వుంటాడు. వినికాట్ తండ్రి గురించి కూడా ఓ ప్రసంగం చేశాడు గాని, అందులో కూడా తల్లికి అండగా వుండటమే తండ్రి పని. మన సంగీతంలో శ్రుతిని తల్లి అనీ, లయను తండ్రి అనీ పెద్దలు చెబుతారు. ఆ లెక్కన ఉయ్యాల వూపే పని తండ్రిదే కావాలి మరి!

తర్వాతి కథకు సినిమా కెమెరా సాయపడింది. అమెరికాలో డేనియల్ స్టెర్న్ అనే మనోవిశ్లేషకుడు తల్లీ బిడ్డా ఆడుకుంటుంటే ఫిల్ము తీసి, ఒక్కో బొమ్మనూ ఆపి చూశాడు. 1971లో మూడున్నర నెలల కవలలతో ఆడే ఒక తల్లి మీద రాసిన వ్యాసంతో ఆయన పేరు బయటికి వచ్చింది. 1985లో రాసిన పెద్ద పుస్తకంలో ఒక ముచ్చట వుంది. తొమ్మిది నెలల పిల్లవాడు బొమ్మ దగ్గరికి పాకి ఆడుకుంటున్నాడు. వెనకనుంచి తల్లి వాడి పిర్రల మీద చెయ్యి వేసి, వాడి సంబరం ఎంత వేగంగా వుందో అంతే వేగంతో కుదుపుతోంది. వాడు వెనక్కి కూడా చూడలేదు, ఆట సాగిపోతోంది. ఈసారి కావాలని కాస్త నెమ్మదిగా కుదపమన్నారు తల్లిని. వెంటనే ఆట ఆపి, ఏమైందన్నట్టు తల వెనక్కి తిప్పాడు. ఎక్కువ వేగంగా కుదిపినా అంతే. లయ కుదిరినప్పుడు అది వుందని తెలియదు, తప్పినప్పుడే తెలుస్తుంది. బొమ్మ అందక చెయ్యి సాగదీస్తున్న బిడ్డతోపాటు తల్లి గొంతు కూడా "ఊ...ఊ..." అని సాగడం మీరెన్నిసార్లు చేశారో ఓసారి గుర్తు చేసుకోండి.

ఇంకో ఫిల్ము స్వీడన్ దేశంలో తీసింది. పుట్టు గుడ్డి అయిన అయిదు నెలల పాపకు తల్లి పాలసీసా పడుతూ పిల్లల పాట పాడుతోంది. పాప ఎడమ చెయ్యి గాల్లో ఆ పాటకు తగ్గట్టు కదులుతోంది. స్కాట్లండులో పనిచేసిన కాల్విన్ ట్రెవార్దెన్ ఆ కదలికలను కొలిచి చూస్తే, కొన్ని చోట్ల ఆ చెయ్యి పాటకంటే సెకనులో మూడో వంతు ముందుగా కదిలింది. తర్వాత రాబోయే స్వరం పాపకు ముందే తెలుసు. చేతులు వూపి తాళం వేయడం ఏనాడూ చూడని పిల్ల అది.

ఇదంతా విని, తల్లి ఎప్పుడూ బిడ్డతో లయ తప్పకుండా వుండాలి కాబోలునని బెంగపడకండి. ఇక్కడే మనోవిశ్లేషణ ఒక పెద్ద తప్పు చేసింది. 1940ల నుంచి, ఆటిజం అనే స్థితిలో వున్న పిల్లలను చూసి, తల్లి గుండె చల్లబడిపోవడం వల్లే పిల్లలు ఇలా అయ్యారని కొందరు పండితులు రాశారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఒక పుస్తకమంతా ఆ ధోరణిలోనే రాశాడు. అసలే బిడ్డ పలకలేదని ఏడుస్తున్న తల్లుల నెత్తిన ఆ నింద మోపారు. ఆటిజం వున్న పిల్లవాడికి తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దాన్ని ఖండించాడు. ఆటిజం పుట్టుకతో, మెదడు పెరిగే తీరుతో వచ్చేదని, తల్లి పెంపకం వల్ల రాదని ఇవాళ అందరూ ఒప్పుకున్న సంగతి. అలాంటి పిల్లలతో ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రాన్సెస్ టస్టిన్ అనే ఆమె, బిడ్డకు నిబ్బరాన్నిచ్చే లయ గురించి ఎంతో చక్కగా రాసింది. పసిబిడ్డలందరూ మొదట్లో ఒక ఆటిజం దశలో వుంటారని తానూ, తనలాంటివాళ్ళూ నమ్మింది పొరపాటని 1994లో, తాను పోయిన సంవత్సరమే, అచ్చులో ఒప్పుకుంది. అది ఒప్పుకోవడానికి ఎనభై ఏళ్ళ వయసులో ఎంత గుండె కావాలి!

నిందకు జవాబు మరోవైపు నుంచి కూడా వచ్చింది. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత కాసేపు ముఖం రాయిలా పెట్టి కదలకుండా కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కీచుమంటుంది, చివరికి తల తిప్పుకుని డీలాపడిపోతుంది. తల్లి మళ్ళీ పలకరించగానే తేరుకుంటుంది. చూడటానికి కష్టంగా వుంటుంది. అయితే ఆయన లెక్కల్లో తేలిన ఇంకో సంగతిని అంతగా ఎవరూ చెప్పుకోరు. హాయిగా, ఆరోగ్యంగా వున్న తల్లీబిడ్డలను కొలిస్తే కూడా, ఇద్దరి తీరూ సరిగ్గా కలిసేది నూటికి 30 పాళ్ళ సమయమేనట. మిగతాదంతా తప్పడం, సర్దుకోవడం, మళ్ళీ తప్పడం, మళ్ళీ కలవడం. ఆ సర్దుకోవడంలోంచే బిడ్డకు నమ్మకం పుడుతుందంటాడాయన. పోయింది, ఇదిగో. పోయింది, ఇదిగో.

నేను అమ్మకు ముందుగా చదివి వినిపించింది ఈ 30 పాళ్ళ సంగతే. "మిగతా డెబ్భై?" అంది. "తప్పులే నమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రీలు ఆట గురించి మళ్ళీ చెప్పమంది. విని, "వాళ్ళమ్మ పోయాక ఆ పిల్లాణ్ణి ఎవరు చూసుకున్నారే?" అని అడిగింది. అన్ని పుస్తకాలు తిరగేసిన నాకు ఆ ప్రశ్న తట్టనేలేదు.

వెతికాను. తల్లి పోయేనాటికి ఎర్నెస్ట్‌కు ఆరేళ్ళు కూడా నిండలేదు. మూడేళ్ళ తర్వాత, 1923లో, తమ్ముడు కూడా క్షయతో పోయాడు. పినతల్లి ఆనా ఫ్రాయిడ్ వియన్నాలో వాణ్ణి చేరదీసింది. 1938లో నాజీల నుంచి తప్పించుకుని లండను చేరాడు. తాత ఇంటిపేరు పెట్టుకున్నాడు. మనవలందరిలోకీ అతనొక్కడే మనోవిశ్లేషకుడయ్యాడు. పినతల్లి నడిపిన హాంప్‌స్టెడ్ వైద్యశాలలో తల్లులనూ బిడ్డలనూ పరిశీలించే పని చేశాడు. 1980 ప్రాంతం నుంచి, నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెల్లో వుంచిన శిశువుల మీద రాయడం మొదలుపెట్టాడు. కడుపులో వున్నన్నాళ్ళూ తల్లి గుండె చప్పుడు, నడక, గొంతు విన్న బిడ్డకు ఒక్కసారిగా అవన్నీ ఆగిపోయి యంత్రాల శబ్దం మిగులుతుందని, తల్లిని ఆ పెట్టె దగ్గరికి రానివ్వాలని, బిడ్డను తాకనివ్వాలని అతని వాదన. సుమారు అదే రోజుల్లో కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, పెట్టెలు చాలక, బరువు తక్కువ పిల్లలను తల్లుల గుండెలకు కట్టించాడు. మన దేశం కూడా పాల్గొని, 2021లో ఫలితాలు వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇలా తల్లి గుండెకు ఆనించి వుంచిన బిడ్డల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. వెచ్చదనం వల్లా, పాల వల్లా, అంటురోగాలు సోకకపోవడం వల్లా కూడా ఆ మేలు జరిగిందనుకోండి, లయ ఒక్కటే కాదు.

ఎర్నెస్ట్ 2008 దాకా బతికాడు. 94 ఏళ్ళు.

అమ్మ ఇదంతా విని, నాకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఆ వార్డులో రాత్రి డ్యూటీ చేసిన నర్సమ్మకు కూడా ఇంటి దగ్గర పాలు తాగే బిడ్డ వుండేదట. తెల్లవారుజామున ఆమె రవిక తడిసిపోయి వుండటం అమ్మమ్మ చూసిందట.